ఊపిరి తీసేసిన రాగం

కోదాడ పోయే ఏడుంబావు బస్సులో కూర్చునే జాగా దొరకాలంటే వందన ఆరున్నరకే ఇల్లు కదలాలి. అందుకని సైదమ్మ ఐదింటికే లేచి పొయ్యి ముట్టించేది. రెండు జొన్నరొట్టెలు, కాసింత పల్లీల తొక్కు డబ్బాలో పెట్టి, మూత సరిగ్గా పట్టిందో లేదో తలకిందులు చేసి చూసి సంచిలో వేసేది. రోజూ అదే పని, అదే మాట.

"పైలం బిడ్డా. బస్సుల ఫోన్ సూసుకుంట కూసోకు, కండ్లు పోతయ్."

"ఫోన్ సూసుడే నా పనమ్మా."

"గదేం పనో. జీతమిచ్చి ఫోన్ సూడమనేటోళ్లు గూడ ఉంటరా లోకంల?"

పెన్‌పహాడ్ పక్క పల్లె నుంచి తల్లీకూతుళ్లు సూర్యాపేటకు వచ్చి నాలుగేళ్లయింది. మేడ మీద ఒక గది, చిన్న వంటిల్లు, కిరాయి. తండ్రి జానయ్య మిర్యాలగూడ రైసుమిల్లులో బస్తాలు మోసీ మోసీ నలభై ఏడేళ్లకే పోయాడు. కూతురు కోదాడలో ఇంజనీరింగు చదివింది. ఆ ఊళ్లోనే, జిరాక్స్ షాపు మీది రెండు గదుల్లో, నలుగురు కూర్చుని ఫోన్లలో ఆడుకునే ఆటలు తయారుచేసే చోట ఆమెకు ఉద్యోగం దొరికింది.

ఆధార్ కార్డు ప్రకారం సైదమ్మకు యాభై ఒక్కటి. చూసినవాళ్లు అరవై ఐదు అనేవాళ్లు. పల్లెలో మాత్రం ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు. కారణం అందరికీ తెలుసు.

నాటు వేసే ఆడదాని నడుము సంగతి నాటు వేసినవాళ్లకే తెలుస్తుంది. పొద్దున ఏడింటికి వంగితే బువ్వ వేళదాకా లేవరాదు. కాళ్లు బురదలో, చేతులు నీళ్లలో, ఎండ వీపు మీద. లేచి నిలబడితే గట్టు మీద గొడుగు పట్టుకున్న ఆసామి చేతిగడియారం చూసుకుంటాడు. నాట్లను రోడ్డు మీద నిలబడి చూసినవాళ్లు పచ్చగా ఉందని రాశారు. వంగి చూస్తే పచ్చగా ఉండదయ్యా, బురద నల్లగా ఉంటుంది, అందులో మన మొహమే కనబడుతుంది.

అట్లాంటప్పుడు రెండు పాటల మధ్యన సైదమ్మ పెదవులు మూసి మాటల్లేని రాగం ఒకటి తీసేది. దానికి ఆడవాళ్లు పెట్టుకున్న పేరు నడుమెత్తు రాగం. అది మొదలయితే కాలం ఆగేది. కాలువలో నీళ్లు ఆగేవి. ఎగిరే కొంగ గాలిలోనే నిలిచేది. ఆసామి గడియారంలో ముల్లు ఆగేది, ఆసామీ ఆగేవాడు. అలసినవాళ్లు మాత్రమే కదిలేవాళ్లు. గట్టెక్కి కూర్చునేవాళ్లు, చంటిపిల్లకు పాలిచ్చేవాళ్లు, ఇంత అంబలి తాగేవాళ్లు, చిన్న కునుకు కూడా తీసేవాళ్లు. ఇదంతా సైదమ్మ ఒక్క ఊపిరిలో జరిగిపోయేది. ఆమె రాగం ఆపి ఊపిరి తీసుకోగానే కొంగ తన దారిన తను పోయేది, ఆడవాళ్లు మళ్లీ వంగేవాళ్లు. రాగం తీసినంతసేపు సైదమ్మ మునుము, అంటే ఆమె వంతుకు వచ్చిన నాటు వరస, పక్కనున్న మనిషి నాటాలని ఆడవాళ్లలో ఒక కట్టుబాటు. ముప్పై ఏళ్లు ఆ పక్కనున్న మనిషి రంగి.

అయితే ఆగిన కాలం గాలికి పోదు. పాడేదాని ఒంట్లో పడుతుంది. సైదమ్మకు ఈ రాగం నేర్పిన తల్లి గోపమ్మ గట్టిగా చెప్పింది.

"రాగం విడిస్తె వయసు పోతది. ఊపిరి గుంజితె మళ్ల వస్తది. ఒక్క ఊపిరికి మించి పాడకు బిడ్డా. రెండు ఊపిర్లు అతికిచ్చి పాడినావ్, ఖతం."

సైదమ్మ ఎన్నడూ మించలేదు. ఊపిరి గుంజినప్పుడు పోయిందంతా దాదాపు తిరిగొచ్చేది. ఎక్కడో గింజంత మిగిలిపోయేది. ముప్పై ఏళ్ల గింజలు కలిసి ఆ పైవయసు మొహం మీదికి వచ్చింది, అంతే.

రాగం వయసు తింటుందన్న ఈ మాట ఆమె కూతురికి చెప్పలేదు. బిడ్డను బురదలోకి దించకూడదని ఒట్టు పెట్టుకుని బతికిన మనిషి. బురదలో నేర్చిన విద్య బిడ్డకెందుకు అనుకుంది. మన కష్టజీవులు చేసే తప్పు ఇదే. పిల్లలకు కష్టం అంటకూడదని కష్టంలో తెలుసుకున్నది కూడా దాచేస్తారు.

ఆ ఏడు కోదాడ ఆఫీసులో తయారవుతున్న ఆట పేరు "బియ్యం లారీ". మిర్యాలగూడ మిల్లులో బియ్యం ఎక్కించుకుని హైవే మీద బస్తా జారకుండా, టైరు పేలకుండా గమ్యం చేరాలి. లారీని, రోడ్డును వేరేవాళ్లు చేశారు. వందనది మెనూ పని. ఆట మొదలుపెట్టే తెర, ఆపితే వచ్చే తెర, వాటి మీద అక్షరాలు, మీటలు. ఆడేవాళ్లు ఈ పనిని పనిగానే చూడరు. వందనకు మాత్రం ఆ ఆపే తెర మీదే ప్రాణం. ఆటలో ఉన్నంతసేపు మనిషి లారీని చూస్తాడు, ఆపినప్పుడే కాస్త తన లోపలికి చూసుకుంటాడని ఆమె నమ్మకం.

అందుకే ఆ తెర కోసం రెండు రోజులు మిర్యాలగూడ పోయి, లారీల వెనక పలకల మీద అక్షరాలు రాసే పెయింటరు పక్కన కూర్చుంది. ఎర్రటి పలక మీద పసుప్పచ్చ అక్షరాలకు నీడ ఎటువైపు దించాలో నేర్చుకుంది. ఆట ఆపితే లారీ ధాబా ముందు ఆగుతుంది. నులకమంచం, నీళ్ల తొట్టి, దూరంగా పొలాలు. లారీ వెనక పలక మీద మూడు మీటలు: పోదాం, మళ్లా మొదలు, ఇంటికి.

ఆఫీసు నడిపే మహిపాల్‌ది కోదాడే. మంచివాడే గానీ నెలాఖరు వచ్చేసరికి గొంతు పెరిగేది.

"వందనా, బొమ్మ అదిరింది. పాటే చచ్చిపోయింది. బ్యాంకోళ్లు ఫోన్లో ఆగమని పెడతారే, అట్లా ఉంది."

"మరెట్ల ఉండాలన్నా?"

"ఆపినోడికి ఆగబుద్ధి అవ్వాలి. ఆ తెర మీద యాడ్ పెడదామంటేనేమో నువ్వు ఒప్పుకోవు."

"మంచం మీద ఒరిగినోని మొకం మీద యాడ్ పెడ్తవా? నీకు పున్నెముంటదా అన్నా?"

"పుణ్యం సంగతి నాకు తెలీదు. సోమవారానికి నాకు పాట కావాలి. లేకపోతే యాడే."

ఆ ఆదివారం, చిన్నప్పుడు గట్టు మీద కూర్చుని విన్న అమ్మ రాగం గుర్తొచ్చి, వందన కిటికీలు మూసి, గోడలకు దుప్పట్లు కట్టి, తల్లిని మంచం మీద కూర్చోబెట్టి మైకు పెట్టింది. సైదమ్మ సిగ్గుపడింది.

"నాట్లు లేకుండ నడుమెత్తు రాగమేందే? ఇంట్ల శవం లేకుండ ఏడిసినట్టు."

"ఒక్కపారి అమ్మా. జర పాడరాదు."

సైదమ్మ కళ్లు మూసుకుంది. కళ్లు మూసుకునే పాడేది ఎప్పుడూ. రాగం మొదలవగానే ఫ్యాను ఆగింది. వంటింట్లో కుక్కరు సగం వేసిన కూత సగంలోనే నిలబడింది. తన కంప్యూటరు కూడా ఆగిపోతుందేమోనని వందన భయపడింది గానీ, అది నాలుగేళ్ల నుంచి రాత్రీపగలూ పనిచేస్తున్న యంత్రం. అదీ అలసిందే. నడుస్తూనే ఉంది. ఒక ఊపిరి పాడి, ఊపిరి గుంజుకుని సైదమ్మ కళ్లు తెరిచింది. కుక్కరు మిగతా కూత వేసింది.

మెనూ సంగీతానికి ఒక పద్ధతి ఉంది. ఆపినవాడు పది సెకండ్లు ఆగుతాడో గంట ఆగుతాడో ఎవరికీ తెలియదు. కాబట్టి పాట చివరను పాట మొదలుకు అతికిస్తారు, అది తిరుగుతూనే ఉంటుంది. అతుకు చెవికి తగలకూడదు. అదే పనితనం. తల్లి రాగంలో అతుకు పడే చోట ఊపిరి ఉంది. చిన్న చప్పుడు, దాహమైనవాడు మొదటి గుక్క తాగినట్టు. శబ్దం పని నేర్పేవాళ్లు ఊపిరిని మురికి కింద లెక్కగట్టి తుడిచెయ్యమని నేర్పుతారు. వందన కూడా తుడిచేసింది. రాగం తోకను రాగం తలకు కలిపింది. ఎక్కడ మొదలో ఎక్కడ ముగింపో తనకే దొరకనంత బాగా కలిపింది.

మహిపాల్ విన్నాడు. ఆఫీసులో ఫ్యాను ఆగింది. కింద జిరాక్స్ మిషను వెలుగు కాగితం మధ్యలో నిలిచింది. మహిపాల్ కుర్చీలోనే తల వాల్చి హాయిగా నిద్రపోయాడు. లేచి, పాట ఆపి, గోడగడియారం చూస్తే నాలుగూ పది. పడుకున్నప్పుడూ నాలుగూ పదే.

"అతుకే తెలీట్లేదు వందనా," అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. "ఎంతసేపైనా వినొచ్చు. యాడ్ వద్దులే."

జూన్ నెలలో ఆట జనంలోకి పోయింది. ఆట సంగతి ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. "ఆడటం మామూలే, ఆపితే మాత్రం బాగుంది" అని రాశారు. ఇంటింటికీ పార్సిళ్లు మోసే పిల్లలు బండి మీదే ఆపే తెర పెట్టుకుని మెట్ల మీద ఒరిగారు. హాస్టళ్లలో ఇంటర్ పిల్లలు స్టడీ అవర్లో పెట్టుకున్నారు. మిర్యాలగూడ మిల్లుల్లో నూకలు జల్లించే ఆడవాళ్లు తవుడు డబ్బా మీద ఫోను నిలబెట్టి మీట నొక్కి బస్తాలకు వీపులు ఆనించారు. సూపర్‌వైజరు తిట్టబోయి తెరిచిన నోరు తెరిచినట్టే నిలబడ్డాడు. మనుషులు అలసిపోయారని చెప్పడానికి ఎన్ని ధర్నాలు చేశాం, ఎన్ని కాగితాలు రాశాం, ఎవరు విన్నారు? ఒక్క ఆపే తెరతో ఆ సంగతి తేలిపోయింది. లక్షా పదివేల ఫోన్లు.

సూర్యాపేటలో సైదమ్మకు మొదటి వారం రెండు పళ్లు ఊడాయి. రెండో వారం నడుము వంగింది. ఒకనాడు జొన్నరొట్టె కొడుతూ కొడుతూ పీట మీదే కూలబడింది. వందన ఆటోలో దవాఖానకు తీసుకుపోయింది. డాక్టరు ఆధార్ కార్డు చూసి, మనిషిని చూసి, మళ్లీ కార్డు చూశాడు.

"మీ అమ్మమ్మ కార్డు తేవాలమ్మా, మీ అమ్మది కాదు. ఇందులో యాభై ఒక్కటే ఉంది."

"గిది మా అమ్మ కార్డే సార్. గామె మా అమ్మే."

సైదమ్మ బల్ల మీద పడుకుని బోసినోటితో నవ్వింది. "మొకం సూసి పని ఇయ్యరు, కార్డు సూసి పింఛనియ్యరు. ఎటుగాకుంట అయిన సారూ."

ఇంటికి వచ్చి మెట్లెక్కుతుంటే కింది వాటాలో డిగ్రీ చదివే పిల్ల గడపలో కూర్చుని ఉంది. చేతిలో ఫోను. ఫోనులో లారీ ధాబా ముందు ఆగి ఉంది. వీధిలో స్కూటర్లు ఆగి ఉన్నాయి. సైదమ్మ మెట్టు మీదే నిలబడి చెవి ఒగ్గింది. చాలాసేపు విన్నది.

"గిది నా గొంతేనా?"

"నీదేనమ్మా. ఎట్లుంది?"

"ఊపిరేది?"

"ఆ?"

"నా ఊపిరేది బిడ్డా? నేను ఊపిరి గుంజిన గద. గాడ లేదు."

"తీసేసిన."

"ఎందుకు?"

"అతుకు ఇనబడకుంట," అంది వందన. అంటుండగానే ఏదో తప్పు జరిగిందని తల్లి మొహంలో చూసింది.

సైదమ్మ మెట్టు మీద కూర్చుంది. గోపమ్మ చెప్పిన మాట అప్పుడు చెప్పింది, ఇరవై ఐదేళ్లు ఆలస్యంగా. వందన తల గోడకేసి కొట్టుకోబోతే చెయ్యి పట్టి ఆపింది.

"నేను చెప్పలే, నీకెట్ల ఎరుక? ఏడ్వకు. పోయి ఊపిరి పెట్టిరా."

మధ్యాహ్నం బస్సుకే వందన కోదాడ పోయింది. మహిపాల్ ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. "ముందు అది చెయ్యి" అని కుర్చీ ఖాళీ చేశాడు. ఆమె ఊపిరిని తిరిగి దాని చోట పెట్టి ఆటను కొత్తగా పంపింది. అది ఫోన్లలోకి చేరడానికి కొన్ని దినాలు పట్టింది. చేరినచోటల్లా ఇప్పుడు ఒక్కొక్క ఊపిరి దగ్గర కాలం ఒక అడుగు కదిలేది, మళ్లీ ఆగేది. జనం గొణిగారు గానీ మానలేదు. వారం తిరిగేసరికి పాత పాట దాదాపు అన్ని ఫోన్లలో పోయింది.

పోయిన వయసు మాత్రం రాలేదు. ఎవరి ఊపిరి తీసేశామో ఆ ఊపిరిని తర్వాత పెడితే లాభమేముంది? సైదమ్మ తొంభై ఏళ్ల ముసలిది అయి కూర్చుంది. చెవులు మందగించాయి. అయినా అక్కడితో ఆగితే చాలని వందన ప్రతి పొద్దునా తల్లి చేతులు పట్టుకుని చూసేది. ఆగలేదు. రోజూ ఇంత తరుగుతూనే ఉంది.

తొమ్మిదో రోజు మహిపాల్ ఫోను చేశాడు.

"ఒక్క ఫోన్ మిగిలింది వందనా. పాత పాటే. నెట్టు పడినప్పుడల్లా ఇక్కడ కంప్యూటర్‌కి తెలుస్తుందిగా, తొమ్మిది రోజుల్నించి ఆపిన తెర ఆపినట్టే ఉంది. ఎక్కడో తెలుసా? మీ సూర్యాపేటే. పెద్ద దవాఖాన దగ్గర."

వందన చెప్పులేసుకుంటుంటే సైదమ్మ గోడ పట్టుకుని లేచింది.

"నేనొస్త."

"నువ్వు మెట్లు దిగలేవమ్మా."

"నా గొంతు ఎవల కాడుందో సూడొద్దా నేను?"

మొత్తుకున్నా వినలేదు. ఎత్తుకుని దించాల్సి వచ్చింది. సన్నబియ్యం సంచి అంత కూడా బరువు లేదు.

దవాఖానలో ఆడవాళ్ల వార్డు చివర మంచం దగ్గర కాలం ఆగి ఉంది. మూడు మంచాల ఇవతల ఫ్యాను తిరుగుతోంది, అవతల ఫ్యాను రెక్కలు లెక్కపెట్టవచ్చు. సెలైన్ చుక్క గొట్టంలో వేలాడుతోంది, పడటం లేదు. నర్సులు ఆ మంచం చుట్టూ మామూలుగానే తిరుగుతున్నారు. వాళ్ళూ అలసినవాళ్లే. "ఆ బెడ్డుకు సెలైన్ మార్చే పని లేదు, పాట పెట్టుకున్నరు" అని ఒక నర్సు ఇంకో నర్సుకు చెప్పి పోయింది.

మంచం మీద రంగి ఉంది. పక్కన ఆమె కొడుకు వెంకన్న, ఆటో నడుపుతాడు. తలగడ కింద ఛార్జర్ తీగతో ఫోను.

రంగి కళ్లు చికిలించి చూసింది. "ఎవలే అది? గోపమ్మవ్వా? సచ్చినోళ్లొచ్చి తలాపున నిలబడ్డరంటే ఇగ నా పని అయిపోయినట్టేరా వెంకన్నా."

"గోపమ్మ కాదే, నేను. సైదిని."

"ఏం సైదివే! సైది నాకంటె నాలుగేండ్లు సిన్నది."

"నీ బొంద. సక్కగ సూడు."

రంగి చూసింది. చూసి, చెయ్యి చాపి ఆ చెంపను తడిమింది. 

వెంకన్న వందనతో మెల్లగా చెప్పాడు. మూత్రపిండాలు రెండూ పోయినయి. ఇగ ఎన్నో ఘడియలు లేవు, ఇంటికి తీస్కపొమ్మన్నరు. "నాకేం తోయలే చెల్లె. ఫోన్ల గీ ఆట ఉండె. గీ పాట పెట్టిన. పెట్టినసంది అమ్మకు నొప్పి లేదు, చుక్క కింద పడలే. తొమ్మిది దినాలాయె. ఫోన్ల జాగ లేక కొత్తదేదీ ఎక్కలే. నాకు గదే మంచిదాయె."

వందన చూపు తలగడ మీదే ఉంది. చెయ్యి చాపితే అందుతుంది. దాచకుండా మొత్తం చెప్పింది. ఆ గొంతు ఎవరిదో, తను ఏం తీసేసిందో, ఈ తొమ్మిది రోజులు ఎవరి ఒంట్లో పడుతున్నాయో. వెంకన్న మొహం పాలిపోయింది.

"మరి కొత్తది ఎక్కియ్యరాదా?"

"కొత్తదాంట్ల ఊపిరుంది అన్నా. ఊపిరి కాడ కాలం కదుల్తది."

"కదిలితె మా అమ్మ పోతది."

"కదలకపోతె మా అమ్మ పోతది," అంది వందన. తర్వాత, "తీసెయ్యన్నా," అంది. ఆ మాట అన్నందుకు ఆమె ఎన్నడూ సిగ్గుపడలేదు. తలుచుకుని ఏడవని దినమూ లేదు.

"ఎవలూ ఏం తీసుడు లేదు!" సైదమ్మ అరిచింది. చెవులు సరిగ్గా వినబడకపోయినా మొహాలు చదివింది. "నా గొంతు, నా ఇష్టం. ముప్పై ఏండ్లు నా మునుము ఇది నాటింది. నేను కండ్లు మూసుకుని పాడుతుంటె ఇది రెండు చేతుల్తోటి ఇద్దరి పని చేసింది. ఉండనీ దాన్ని."

"ఓ యబ్బ, ఏం దాత పుట్టిందమ్మా పెన్‌పహాడ్ల!" రంగి ఎగతాళిగా మూతి తిప్పింది. "నువ్వు పాడకపోతె నా నడుము ఇరువై ఏండ్లకే ఇరిగిపోతుండె. ఉండనీ అంట. ఏముంటనే నేను? తొమ్మిది దినాల సంది ఆకలి గాదు, దూప గాదు, నిద్ర రాదు. నొప్పి లేదు, గంతే. గిది బతుకా? పటం కట్టి గోడకు పెట్టినట్టున్న."

"పటంలెక్కనన్న ఉండు. నాకు మాట్లాడనీకి ఎవలున్నరు?"

 ఆ మాటకు రంగి పైకి, తిరగని ఫ్యాను వైపు చూసింది. తర్వాత కొడుకును పిలిచింది.

"వెంకన్నా, సాయ తీస్కరాపో కొడుకా. అల్లం ఎయ్యమను."

"నీకు సాయ తాగబుద్ధి కాదంటివి గదనే."

"గీ ముసల్దానికిరా. సైది ఎన్నడన్న మన ఇంటికొచ్చి సాయ తాగకుండ పోయిందా? ఇప్పుడు గిదే మన ఇల్లు. పో."

వెంకన్న పోయాడు. వార్డు తలుపు దాటేదాకా రంగి అతని వీపునే చూసింది. తర్వాత సైదమ్మ చెయ్యి పట్టుకుని దగ్గరికి గుంజి, చెవిలో అరిచినట్టు మాట్లాడింది.

"ఏయ్ సైదీ. ఆసామి అంగీ జేబుల ఎండ్రకాయ పడ్డది, యాదికున్నదా?"

సైదమ్మ మొహం విప్పారింది. "ఎందుకు లేదే! నేను రాగం ఆపంగనే ఎగిరి గట్టు మీదికెళ్లి బురదల పడ్డడు గద. గొడుగు ఒక దిక్కు, మనిషి ఒక దిక్కు."

"జేబుల చెయ్యి పెట్టిండు బీడీల కోసం."

"వేలు పట్టుకున్నది గద ఎండ్రకాయ. యవ్వో అని అరిసిండు." నవ్వితే సైదమ్మకు దగ్గు వచ్చింది. "ఎవలు పెట్టిన్రే? ముప్పై ఏండ్లు అడిగిన మిమ్ముల. ఒక్కతి చెప్పలే. నేనే పెట్టిన్నని ఆ ముసలోడు సచ్చేదాక నామీదనే అనుమానపడె."

"నువ్వెట్ల పెడ్తవే, పాడుతుంటివి."

"గదే అంటున్న! నువ్వేనా?"

"నేను కాదు."

"ఒట్టు?"

"నా కొడుకు మీద ఒట్టు. నేను ఎండ్రకాయను ముట్టుకుంటనా, నాకు భయం." రంగి ఎడమ చెయ్యి దుప్పటి మీద నుంచి జారింది. తలగడ కిందికి పోయింది. "చెప్తే నమ్మవు నువ్వు. అందరు గట్టు మీద కూసున్నరు. అంబలి తాగుతున్నరు. నేను నీ మునుము నాటుకుంట సూస్తె ఒకతి లేదు. ఎటు పోయిందని సూస్తె, చీర కుచ్చిళ్లు ఎగగట్టి కాలువల చెయ్యి పెట్టి దేవులాడుతున్నది. గంత నెమ్మదస్తురాలు, నోట్లె నాలిక లేనిది. మనిషి అట్ల చేస్తదని ఎవలం అనుకోలే."

"ఎవలే?" సైదమ్మ చిన్నపిల్లలా ముందుకు వంగింది.

తలగడ కింద రంగి వేళ్లు ఫోను అంచు వెంబడి వెతుక్కుంటున్నాయి. ఆమెకు చదువు రాదు. తెర మీద పసుప్పచ్చ అక్షరాల్లో ఏం రాసి ఉందో తెలియదు. ఇంట్లో ఉన్నప్పుడు కొడుకు రోజూ పక్కనున్న బొడిపె నొక్కి ఫోను ఆపడం చూసింది. వందన ఆ చేతిని చూసింది. అది ఎక్కడికి పోతున్నదో అర్థమైంది. ఒక్క మాట అంటే చాలు, తల్లి పట్టుకుని ఆపుతుంది. వందన ఆ మాట అనలేదు. రంగి ఆమె వైపు ఒకసారి చూసి, నొసలు ఎగరేసింది. నువ్వు ఊకో బిడ్డా, అన్నట్టు.

"చెప్పవే, ఎవలు?"

"చెప్తున్న గదనే, ఆత్రం ఎక్కువ నీకు. గా ఎండ్రకాయను కొంగుల మూట గట్టుకొచ్చి, ఆసామి ముంగట నిలబడి, ఆయన మొకం దిక్కు ఒక్కపారి సూసి, జేబు ఇట్ల తెరిసి…" రంగి నవ్వుతోంది. కళ్లలో నీళ్లు కూడా నవ్వుతున్నాయి. "గది ఎవలో కాదే సైదీ, మన…"

ఫ్యాను తిరిగింది. చుక్క పడింది. దాని వెనక ఇంకో చుక్క పడింది. బయట ఆటోల హారన్లు, పక్క మంచంలో పిల్ల ఏడుపు, అన్నీ ఒక్కసారి లోపలికి వచ్చాయి. రంగి నోరు ఆ పేరు పలకడానికి తెరిచి అట్లాగే ఉంది, అందులో ఊపిరి లేదు.

సైదమ్మకు ఏ చప్పుడూ వినబడలేదు. తన చెవే మందంగా ఉందనుకుని, ఇంకా వంగి, చెవిని రంగి నోటికి ఆనించింది. ముప్పై ఏళ్లు దాచిన మాట వినడానికి చేతులు మంచం పట్టె మీద పెట్టుకుని కూర్చుంది.

"ఎవలే?" అంది. "జర గట్టిగ చెప్పు."

వందన తల్లికి చెప్పలేదు. ఇంకాసేపు అడగనిచ్చింది.